రోలర్లు వెనక్కి తిప్పిన రోజు

రబ్బరు మిల్లులో రెండు ఇనుప రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. మధ్య సందు చిటికెన వేలు మందం కూడా ఉండదు. ముడి రబ్బరు ముద్దల్ని ఆ సందులో వేసి రేకులుగా తీయడం బావ పని. పన్నెండేళ్లుగా అదే పని. ఆ రోలర్లను తిప్పే డీసీ మోటారునూ, దాన్ని నడిపే డ్రైవ్ పెట్టెనూ చూసుకునేవాడు అతని బావమరిది, ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్.

ఎంత వేగంతో తిప్పాలో డ్రైవ్‌కు చెప్పేది ఒక చిన్న సిగ్నల్. పది వోల్టుల దాకా ఎంత ఇస్తే అంత వేగం. అదే వైర్లు తారుమారు చేసి ఇస్తే రోలర్లు వెనక్కి తిరుగుతాయి. ఇన్నాళ్లూ ఆ సిగ్నల్ బావ ముందున్న నాబ్ నుంచే వెళ్లేది. రబ్బరు మొండికేస్తే తగ్గించేవాడు, మెత్తబడితే పెంచేవాడు.

సూపర్‌వైజర్‌కు అది కంట్లో నలుసైంది. అందరూ అతణ్ణి తొందరయ్య అనేవాళ్లు, ఎదురుగా కాదనుకోండి. వేగం తన క్యాబిన్ నుంచే మార్చుకునేలా రెండో సిగ్నల్ లాగమన్నాడు. రెండిట్లో ఏది పనిచేయాలో ఎంచుకునే స్విచ్ కూడా తన బల్ల మీదే ఉండాలన్నాడు. స్విచ్ మిషన్ దగ్గర పెడదామనీ, అది కాకపోతే ఏ సిగ్నల్ నడుస్తోందో తెలిసేలా బావ ముందు ఒక దీపమైనా పెడదామనీ ఎలక్ట్రీషియన్ నసిగాడు. దీపాల సంగతి తర్వాత అన్నాడు తొందరయ్య. ఎలక్ట్రీషియన్ నోరు మూసుకుని బిగించేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం రబ్బరులో ఇనుప ముక్క ఒకటి మెరిసింది. బావ నాబ్‌ను సున్నాకు తిప్పాడు. రోలర్లు ఆగాయి. ఎర్ర బటన్ నొక్కి ఆపితే ఎందుకు ఆపావో కాగితం మీద రాసివ్వాలి గనుక, చిన్న చిన్న పనులకు అందరూ నాబ్‌తోనే ఆపేవాళ్లు. బావ కుడిచెయ్యి సందు దగ్గర పెట్టి ముక్కను గిల్లసాగాడు.

తొందరయ్య క్యాబిన్ అద్దంలోంచి ఆగిన రోలర్లను మాత్రమే చూశాడు. విసుగ్గా స్విచ్ తన వైపుకు తిప్పుకున్నాడు. క్యాబిన్ సిగ్నల్ అప్పటికే ఆరు వోల్టుల మీద ఉంది.

రోలర్లు బావ వేళ్లను లాక్కున్నాయి. ఎడమచేత్తో తలపైనున్న, మిషన్ ఆపే తాడు లాగాడు. మిషన్ ఆగేసరికి చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. అతను అరవలేదు. ఊపిరి అందనివాడిలా బావమరిదిని పిలిచాడు.

ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీంచి దూకి వచ్చి డ్రైవ్ పెట్టె తెరిచాడు. వెనక్కి తిప్పాలంటే ముందు క్యాబిన్ వైర్లు ఊడదీయాలి. అంతలో తొందరయ్య పరుగెత్తుకొచ్చాడు. మిషన్ ఆన్ చేస్తేనే కదా వెనక్కి తిరిగేది అంటూ తాడు లాగితే పడిపోయే స్విచ్‌ను సరిచేశాడు. ముట్టుకోవద్దని ఎలక్ట్రీషియన్ చెబుతూనే ఉన్నాడు. తొందరయ్య పచ్చ బటన్ నొక్కాడు.

తన బల్ల మీద స్విచ్ ఎటుందో అతనికి గుర్తే లేదు. రోలర్లు ముందుకే కదిలాయి. ఎముక విరిగిన చప్పుడు మోటారు హోరులో కూడా వినబడింది. ఈసారి బావ అరిచాడు. ఎలక్ట్రీషియన్ తాడు లాగాడు.

అతని రెండో చేతిలో పైపు రెంచి ఉంది. మొదటి దెబ్బ తొందరయ్య భుజం మీద పడింది. అతను బటన్ దగ్గరనుంచి పక్కకు పడిపోయాడు. రెండో దెబ్బ దవడ మీద. పళ్లు నేల మీద రాలాయి. పాకుతూ తప్పించుకోబోతే కాలర్ పట్టి వెనక్కి లాగి పక్కటెముకల మీద రెండుసార్లు కొట్టాడు. మళ్లీ రెంచి పైకెత్తాడు.

"ఒరేయ్, నన్ను తియ్యరా ముందు."

ఆ గొంతుకు రెంచి జారిపోయింది. క్యాబిన్ వైర్లు పీకేశాడు. నాబ్ వైర్లూ పీకేశాడు. జేబులోని పెన్ టార్చి విప్పి సెల్లు తీశాడు. ఒకటిన్నర వోల్టు. తారుమారుగా ఆనిస్తే రోలర్లు నెమ్మదిగా వెనక్కి తిరగాలి. మామూలు వైపు ఆనిస్తే ముందుకే తిరుగుతాయి, భుజం కూడా మిగలదు. సెల్లు మీది ప్లస్ గుర్తును రక్తం కప్పేసింది. చొక్కాకు తుడిచి చూశాడు, మళ్లీ తుడిచి చూశాడు. తాడు స్విచ్ సరిచేసి పచ్చ బటన్ నొక్కాడు. సిగ్నల్ ఏదీ లేదు గనుక రోలర్లు కదల్లేదు.

"బావా, తిప్పుతున్నా. పళ్లు బిగబట్టు."

సెల్లుకు వైరు తాకించాడు. రోలర్లు ఉలిక్కిపడి వెనక్కి జరిగాయి. తీశాడు. మళ్లీ తాకించాడు. మూడోసారికి బావ చెయ్యి బయటికొచ్చింది. అది చెయ్యిలా లేదు.

డాక్టర్లు చేతిని మోచేతి కింద తీసేశారు. ఆసుపత్రి వరండాలో బావ భార్య, ఎలక్ట్రీషియన్‌కు సొంత అక్క, అతణ్ణి ఒకే మాట అడిగింది, ఆ స్విచ్ బిగించింది నువ్వేనా అని. అవునన్నాడు. దీపం సంగతి చెప్పబోయాడు. ఆమె చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. తర్వాత పక్కన కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

విచారణకు వచ్చిన అధికారికి ఎలక్ట్రీషియన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. తొందరయ్య ఉద్యోగం ఊడింది. అతని దవడ విరగ్గొట్టినందుకు ఎలక్ట్రీషియన్‌కు ఆరు నెలల జైలు పడింది. ఆ ఆరు నెలలూ అక్క చూడ్డానికి రాలేదు.

విడుదలైన రోజు పొద్దున బావ ఒక్కడే గేటు బయట నిలబడి ఉన్నాడు, కుడి చొక్కాచెయ్యి మడిచి పిన్ను పెట్టుకుని. బస్టాపు దాకా నడిచారు. అక్కడ బెంచీ మీద కూర్చున్నాక బావ మెల్లగా అన్నాడు.

"మొదటి దెబ్బ నా కోసం కొట్టావురా. వాణ్ణి బటన్ దగ్గరనుంచి తప్పించాలిగా. తక్కినవి నీ కోసం కొట్టుకున్నావు. నేనింకా లోపలే ఉన్నాను."

బస్సు వచ్చింది. బావ ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కడానికి తడబడ్డాడు. ఎలక్ట్రీషియన్ వెనక నుంచి నడుము పట్టుకోబోతే వద్దని తల ఊపి, రెండో ప్రయత్నంలో తనే ఎక్కాడు.