గొలుసొకరికి, గడియారమొకరికి

పుల్లమ్మకు వీడ్కోళ్లంటే భయం. జమ్మలమడుగు బస్టాండులో ముక్కూమొహం తెలియని పిల్ల ఎవరో అత్తగారింటికి పోతూ కిటికీలోంచి చెయ్యి ఊపినా సరే, వక్కాకు కొనడానికొచ్చిన పుల్లమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. ఫోనులోనూ అంతే. 'ఇంక పెడతా' అనే మాట ఆమె నోటికి రాదు. అవతలివాళ్లు విసిగి పెట్టేసేదాకా మోకాళ్ల నొప్పుల కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటుంది.

పులివెందులలో ఉన్న చెల్లెలు చిన్నసుబ్బమ్మను చూసి ఏళ్లయింది. ఇద్దరికీ ఏ కోపమూ లేదు. పోతే తిరిగి రావాలి కదా, ఆ తిరిగొచ్చే ఘడియను తలుచుకుని పుల్లమ్మ అసలు పోవడమే మానుకుంది. పైకి మాత్రం బస్సు ఛార్జీలు మండిపోతున్నాయని చెప్పేది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన నాటినుంచి ఆ సాకూ పోయింది. అప్పటినుంచి మోకాళ్లే దిక్కు.

ఇలాంటి మనిషిని ఇంట్లోంచి కదిలించింది ఒక చేతి గడియారం.

అది వాళ్ల నాన్న వెంకటరమణయ్యది. ప్రొద్దుటూరులో ఆయనకు బట్టల అంగడి ఉండేది. కువైట్ నుంచి వచ్చిన స్నేహితుడు అలీ అహ్మద్ ఆయనకు దాన్ని తెచ్చి పెట్టాడు. ముళ్లు లేవు, అంకెలు లేవు, కాటుక డబ్బీలా నల్లటి ముఖం. పక్కనున్న మీట నొక్కితే మాత్రం లోపల ఎర్రటి అంకెలు నిప్పుల్లా వెలిగి, చూసేలోపల ఆరిపోయేవి. రోజూ అంగడి మూసేటప్పుడు ఆయన పెద్దపిల్లకొక నొక్కు, చిన్నపిల్లకొక నొక్కు ఇచ్చేవాడు. మూడో నొక్కు లేదు. బెల్లం ముక్కను కూడా తక్కెడలో పెట్టి పంచే మనిషి ఆయన.

నాన్న పోయాక సామాన్లు పంచుకోవలసి వచ్చింది. పెద్దవాళ్లు కుప్పలు వెయ్యాలి, చిన్నవాళ్లు ఎంచుకోవాలి. అది వాళ్ల ఇంటి పద్ధతి. పుల్లమ్మ గిన్నెలూ చెంబులూ సమానంగానే పెట్టింది గానీ గడియారం దగ్గర చిక్కొచ్చింది. ఉన్నది ఒకటే. చివరికి చిన్నాయన ఒకరు సూదితో పొడిచి, దాని పట్టీగా ఉన్న గొలుసు ఊడదీసి, గొలుసొక కుప్పలో, గడియారమొక కుప్పలో వేశాడు. అందరూ న్యాయం జరిగిందన్నారు.

చిన్నసుబ్బమ్మ గొలుసొక అరచేతిలో, గడియారమొక అరచేతిలో పెట్టుకుని తూచింది. బంగారు అంగళ్ల ఊళ్లో పుట్టిన పిల్ల. పచ్చగా మెరిసేదీ బరువుగా ఉన్నదీ ఎంచుకుంది. మర్నాడు అవుసలి గీటురాయి మీద గీస్తే తేలింది, పైన పూత, లోపల ఉక్కు. పుల్లమ్మ కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఆమె వాటాకొచ్చిన గడియారం పొద్దునపూట సాయంత్రమనీ, సాయంత్రంపూట అర్ధరాత్రి అనీ చూపించడం మొదలుపెట్టింది. సరిచేద్దామంటే తిప్పడానికి కీ లేదు. తర్వాత అదీ మానేసి కళ్లు మూసుకుంది. అడిగినవాళ్లకు పుల్లమ్మ, అది అమెరికా సరుకనీ, నచ్చినవాళ్లకే కళ్లు తెరుస్తుందనీ చెప్పేది. తనకూ ఎందుకు తెరవదో ఎవరూ అడగలేదు, అదే అదృష్టం.

పుల్లమ్మ బడికి పోయింది లేదు. నాన్న అంగట్లో పాత పేపర్లు మడుస్తూ చదువు నేర్చుకుంది. అందుకేనేమో ఇప్పటికీ పొట్లం కనిపిస్తే వదలదు. మాత్రల డబ్బీ మీద రాసిన ప్రమాదాలన్నీ చదివి, మాత్ర వేసుకోకముందే అవన్నీ తెచ్చుకుంటుంది. ఈ ఎండాకాలం బొరుగులు కట్టిచ్చిన కాగితంలో, ఎర్ర అంకెల పాత గడియారాలను వెతికి బాగుచేసేవాళ్లున్నారని చదివింది. ఆ వారంలోనే గడియారాన్ని చేతిరుమాలులో చుట్టుకుని ప్రొద్దుటూరులో గడియారాలు బాగుచేసే సలీం అంగడికి పోయింది. ఇంకొక్కసారి ఆ అంకెలు వెలగడం చూడాలి. ఆమె కోరికంతా అదే.

సలీం వెనక మూత విప్పి, కంటికి భూతద్దం తగిలించుకుని లోపలంతా వెతికాడు. పుల్లమ్మకు డాక్టరు ముందు కూర్చున్నట్టే ఉంది.

"దీనికి కీ ఇరగలేదవ్వా," అన్నాడు చివరికి. "పుట్టినప్పుడే లేదు."

పాత బ్యాటరీలు కారి లోపల పచ్చగా చిలుము పట్టిందట. దాన్ని గీకి, తుడిచి, కొత్తవి వేశాడు. మీట నొక్కగానే ఎర్రగా వెలిగింది. పుల్లమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ చూసేసరికి ఆరిపోయింది. టైము మాత్రం ఏదేదో ఉంది. అప్పుడు సలీం వెనకవైపున్న రెండు చిన్న గుంటలు చూపించాడు. ఒకటి గంటలకు, ఒకటి నిమిషాలకు. అక్కడ అయస్కాంతం ఆనిస్తే అంకెలు పరిగెత్తుతాయి. ఆ తర్వాత వచ్చినవాటికి మీటలు పెట్టారు గానీ మొదటి రకం ఇదేనట, దొరకడం కష్టమట. అయస్కాంతం గొలుసు కొక్కెంలోనే దాచి ఉంటుంది, ఆ గొలుసుంటేనే ఇది అసలుదని తేలేది. గొలుసేదని అడిగాడు.

"మా చెల్లెలి వాటాకు పోయింది నాయనా."

"గడియారాన్ని పంచుకున్నారా?"

"మరి సమానంగా పంచుకోవద్దా?"

సలీం భూతద్దం తీసి ఆమెను మామూలు కంటితో చూశాడు. "మేం మేకను కూడా కోసినాకనే పంచుకుంటామవ్వా. బతికుండంగా పంచుకోము."

అంగడి మెట్లు దిగుతుంటే వెనకనుంచి, టైము పెట్టడానికే అయితే ఏ అయస్కాంతమైనా చాలు, తన దగ్గరే ఉందని కేకేశాడు. సరిగ్గా అప్పుడే ఒక ఆటో పోయింది. ఆటో చప్పుడులో పుల్లమ్మకు ఆ మాట వినపడలేదు. రోడ్డు దాటాక వెనక్కి తిరిగి, 'ఏమన్నావు' అని అడగనూ లేదు.

చెల్లెలికి ఫోను చేసి గొలుసు బస్సులో పార్సిలు వెయ్యమంది. గొలుసు దేవునింట్లో ఉందట. దానికి సూదులు అతుక్కుంటాయనీ, అది నాన్న మహిమనీ చిన్నసుబ్బమ్మ రోజూ బొట్టు పెడుతోందట.

"పార్సిలూ ల్యా, గీర్సిలూ ల్యా. కావాలంటే నువ్వే రా," అని, జీవితంలో మొదటిసారి అక్క ఇంకా మాట్లాడుతుండగానే పెట్టేసింది.

పొద్దున పోయి సాయంత్రం బస్సుకు వచ్చేస్తానని పుల్లమ్మ కోడలు మేఘనకు చెప్పింది. సంచిలో రెండు చీరలూ, తలనూనె, మాత్రలూ సర్దుకుంది. సాయంత్రానికొచ్చే మనిషికి ఇవెందుకని మేఘన అడిగితే, బస్సు చెడిపోవచ్చు, సమ్మె కావచ్చు, వాన రావచ్చు అంది. ఆకాశంలో అరచేతంత మబ్బు లేదు.

ముద్దనూరు దాటేదాకా రాబోయే వీడ్కోలుకు ఏడ్చింది. దాటాక ఆకలేసింది.

చిన్నసుబ్బమ్మ ఇంట్లోవాళ్లు వేంపల్లెలో పెండ్లికి పోయారు. ఆమె ఒక్కతే గడపలో నిలబడి ఉంది.

"ముసలిదానివయిపోయినావు గదక్కా."

"నువ్వు నిన్ననే పుట్నట్టుండావులే."

దేవునింట్లో గొలుసు పసుపూ కుంకుమలతో, పిన్నీసులు అతుక్కుని ముళ్లపందిలా ఉంది. పుల్లమ్మ కొక్కెం తెరిచింది. అందులోంచి అగ్గిపుల్లంత కడ్డీ జారి, పక్కనున్న స్టీలు హారతి పళ్లేనికి అతుక్కుంది. నాన్న మహిమ అంత చిన్నదా అని చిన్నసుబ్బమ్మ కాసేపు నిరాశపడింది.

గొలుసు తగిలించారు. టైము పెట్టడానికి కూర్చుంటే అంకెలు కోడిపిల్లల్లా పరిగెత్తాయి. ఒకటికి ఆపుదామంటే రెండుకు పోతాయి, మళ్లీ పన్నెండూ చుట్టి రావాలి. ఇద్దరూ తిట్టుకున్నారు. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు. చివరికి గోడ గడియారంతో సరిపోయింది. పెద్దదానికొక నొక్కు, చిన్నదానికొక నొక్కు. తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మూడోది కూడా నొక్కారు.

బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు తిని, పుల్లమ్మ గడియారాన్ని చెల్లెలి దగ్గరే వదిలి కాళ్లూ మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. ఆమె బస్సుకు గంట ముందే బస్టాండులో కూర్చునే మనిషి. తుడుచుకుంటూ వచ్చి నాన్న గడియారం నొక్కింది. ఇంకా చాలా పొద్దుంది. కాసేపు మాట్లాడి మళ్లీ నొక్కింది. ఇంకా ఉంది. వీధిలో బడిపిల్లలు అరుస్తూ ఇళ్లకు పోతున్నారు, ఎదురింటి నీడ గడప దాటి లోపలికొచ్చింది. గడియారం మాత్రం మిట్టమధ్యాహ్నం దాటిందంతే అంటోంది. గోడ వైపు చూస్తే మేకు ఒక్కటే ఉంది.

"దుమ్ము పట్టిందని దించినాలేక్కా," అంది చిన్నసుబ్బమ్మ, చీర చెంగులో అగ్గిపుల్లంత కడ్డీ ఏదో ముడేసుకుంటూ.

అప్పుడే సంచిలో ఫోను మోగింది. బస్సెక్కావా అత్తా అని మేఘన. ఎక్కడానికే పోతాండానని చెప్పింది పుల్లమ్మ. మాట అయిపోయాక తెర మీద టైము పెద్ద అంకెల్లో కనిపించింది. బిస్కెట్ పొట్లం మీద చీమతలంత అక్షరాలు కూడా వదలని మనిషి, ఆ అంకెలను మాత్రం చదవకుండా ఫోనును బోర్లించి చీరల కింద పెట్టింది. నాన్న గడియారం నొక్కింది.

"ఇంగా శానా టైముందే," అంది.

చిన్నసుబ్బమ్మ తల వంచుకుని పళ్లెం మీద లేని మరకను తుడవసాగింది. వీధి చివర మలుపులో జమ్మలమడుగు బస్సు గట్టిగా హారన్ కొట్టి పోయింది. ఇద్దరూ వినలేదు.

"ఓళిగ ఇంగొకటుంటే పెట్టు," అంది పుల్లమ్మ.