మరిగించిన పాలసీసా

మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళు సాయంత్రం ఇంటికి రాగానే బిడ్డను ఎత్తుకోరు. కారం కలుపుకుని అన్నం తినే మనలో ఈ సంగతి ఎందరికి తెలుసు? సత్తెనపల్లి దగ్గర కల్లంలో పనిచేసే ఆదెమ్మ ముందు మజ్జిగతో చేతులు తోముకుని, కొబ్బరినూనె రాసుకుని, మంట చల్లారేదాకా గోడకు ఆనుకుని కూర్చునేది. ఏడు నెలల కూతురు ఆరాధన ఎదురుగా ఏడుస్తూ ఉండేది.

అందుకే తల్లి కల్లంలో ఉండే పగలంతా పాపకు పాలసీసా. గట్టి ప్లాస్టిక్‌ది, మీద కుందేలు బొమ్మ. ఒకసారి పాపకు విరేచనాలు పట్టుకుంటే, సీసా బాగా మరిగించమని నర్సమ్మ చెప్పింది. అత్త సువార్తమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. పూటకు రెండుసార్లు మరిగించడమే కాక, పొంగిన పాలను అలాగే సీసాలో పోసి, అందులోనే చల్లార్చేది. బూడిదతో తోమీ తోమీ సీసా గీతలు పడి తెల్లబారింది. పాపం, ఇంతకంటే శ్రద్ధ ఎవరు తీసుకుంటారు?

2008 ఎండాకాలంలో ఓ ఆదివారం, చర్చి నుంచి వస్తూ సైన్సు చెప్పే క్రీస్తుదాసు మాస్టారు ఆదెమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చున్నారు. పొగలు కక్కుతున్న సీసాను చూసి ఆయన ముఖం మారింది. ఇలాంటి ప్లాస్టిక్‌లో బిస్ఫినాల్-ఏ అనే రసాయనం ఉంటుందనీ, వేడికి, గీతలకు అది కొద్దికొద్దిగా పాలలోకి దిగుతుందనీ, ఒంట్లో ఆడవాళ్ళ హార్మోనులా పనిచేస్తుందనీ, ఎదిగే పిల్లలకు చేటేమోనని శాస్త్రవేత్తలు భయపడుతున్నారనీ చెప్పారు.

ఆదెమ్మ పాపను ఒళ్ళోకి తీసుకుంది.

"నా చేతి మంట తగలకూడదనే గదండీ సీసా కొన్నాను. బిడ్డకేమన్నా అయిందంటారా?"

"అయిందని ఎవరూ చెప్పలేరమ్మా. కాలేదనీ చెప్పలేరు. తప్పు నీది కాదు. ఇకనుంచి మానెయ్."

సువార్తమ్మ స్టీలు గిన్నె, చెంచా తెచ్చింది. గంటసేపు పట్టినా సగం పాలు పాప మెడలోకే కారాయి. రోజూ ఇంతసేపు తన వల్ల కాదని ముసలావిడ నిట్టూర్చింది.

మర్నాడు ఆదెమ్మ కల్లం మేస్త్రీ గౌస్ బాషా దగ్గరికి వెళ్ళి, చేతులు కడుక్కుని పాపకు పాలిచ్చి రావడానికి మధ్యాహ్నం ఓ గంట అడిగింది.

"నీకిస్తే అందరూ అడుగుతారు," అన్నాడతను.

"అడుగుతారండీ. అందరి ఇళ్ళల్లోనూ ఆ సీసాలే," అంది ఆదెమ్మ అలసటగా.

మేస్త్రీ కాయల రాశి వైపు చూశాడు గానీ కాదనలేకపోయాడు.

వేడి పాలు ప్లాస్టిక్‌లో పోయకండని తల్లులకు చెప్పడం తేలిక. పాలిచ్చే గంటను తల్లికి మిగల్చడం మాత్రం మనందరి బాధ్యత.