దుర్గయ్య ఎడమ పిక్క

ఎంత గోల చేసే పసిపిల్లైనా కురుమమ్మ కాళ్ల మీద పడుకోబెడితే ఏడుపు మానేస్తుందని అశోక్ నగర్‌లో పేరు. ఇరవై ఏళ్ల కిందట మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇటుకలు మోయడానికి వచ్చిన మనిషి. ఇప్పుడు బాలింతలకూ పసివాళ్లకూ నూనె రాసి నీళ్లు పోస్తూ, నడుములు పట్టేసిన పెద్దవాళ్లకు మాలిష్ చేస్తూ ఏడిళ్లు చూసుకుంటోంది. అందులో ఐదు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాయి. చిక్కు అక్కడే వచ్చింది.

ఆ అపార్ట్‌మెంట్ కమిటీకి ఉన్నట్టుండి జాగ్రత్త పుట్టుకొచ్చింది. ఒకటో తారీఖు నుంచి మాలిష్ చేసేవాళ్లెవరైనా సంఘం కార్డు చూపిస్తేనే గేటు దాటాలట. కార్డు ఇచ్చేది చిక్కడపల్లిలో పిండిగిర్ని పైగదిలో ఉన్న మాలిష్ కార్మికుల సంఘం. కార్డుకు పరీక్ష ఉంది. పరీక్ష పెట్టేది సంఘం అధ్యక్షుడు దుర్గయ్య. ఒకప్పుడు పహిల్వాన్లకు మాలిష్ చేసిన ఆ పెద్దమనిషికి కోపం ముక్కుమీదే ఉంటుంది.

ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్లతో నిండిన అశోక్ నగర్‌లో పరీక్ష అన్న మాట నోరు జారి కూడా అనకూడదు. లేడీస్ హాస్టల్‌లో స్వరూప మెడ సవరిస్తూ కురుమమ్మ ఆ మాట అనేసింది. స్వరూప గవర్నమెంటు ఉద్యోగం కోసం నాలుగేళ్లుగా చదువుతున్న పిల్ల. పట్టేసిన మెడను కూడా మరిచిపోయి లేచి కూర్చుంది.

"సిలబస్ ఏంది అక్కా?"

"గదేంది బిడ్డా?"

"పాత పేపర్లు ఉన్నయా? నెగెటివ్ మార్కులు ఉంటయా?"

"ఏముంటది? రుద్ది చూపియ్యమంటరు గంతే."

"గట్ల అనుకునే మేమంత ఈడ పడి ఉన్నం," అంది స్వరూప.

ఆ సాయంత్రమే హాస్టల్ గోడ మీద ఎముకల బొమ్మ వెలిసింది. ఏ దేశంలో ఏ మాలిష్ సంఘం సభ్యులను ఎలా చేర్చుకుంటుందో ఫోన్లలో వెతికి, అమ్మాయిలు మూడు వందల బిట్లు తయారు చేశారు. కురుమమ్మకు చదువు రాదు. తన పేరు ఒక్కటి ఎక్కడ రాసి ఉన్నా గుర్తుపడుతుంది. అందుకని ఎముకలను చేత్తోనే నేర్చుకుంది. ఫీమర్ అనగానే ఎవరో ఒకరి తొడ పట్టుకునేది, స్కాపులా అంటే వీపు తడిమేది. పదిహేను రోజుల్లో హాస్టల్‌లో అందరి మెడనొప్పులూ పోయాయి, కురుమమ్మకు తలనొప్పి పట్టుకుంది.

"నూటికి తొంభై రెండు," అని లెక్క తేల్చింది స్వరూప. "కటాఫ్ దాటినవ్ అక్కా."

ఆదివారం పొద్దున పన్నెండు మంది వచ్చారు. దుర్గయ్య చెక్క బల్ల మీద తానే పడుకుని, ఒక్కొక్కరికీ ఒక్కో చోటు అప్పగించాడు. ఒకరు భుజాలు, ఒకరు నడుము, ఒకరు కుడి చెయ్యి. ఎముక ఊసే లేదు. రెండు వందల ఆరు పేర్లు నాలుక చివర పెట్టుకుని కురుమమ్మ పదకొండో మనిషిగా నిలబడింది.

"తిరుపతికి బస్సుల పోయొచ్చిన కాడినుంచి ఎడమ పిక్క ఒకటే లాగుతున్నది," అన్నాడు దుర్గయ్య. "జర గట్టిగ పట్టు."

కురుమమ్మ చెయ్యి వేసింది. పిక్క ఉబ్బి, వేడిగా ఉంది. కుడి కాలు తడిమితే మామూలుగానే ఉంది. అయిదేళ్ల కిందట ఒక బాలింతకు సరిగ్గా ఇలాగే ఒక కాలు ఉబ్బి వేడెక్కితే, దీన్ని రుద్దితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ తనను గదమాయించడం గుర్తొచ్చింది. పైపైన నూనె రాసి పది నిమిషాలు కానిచ్చేస్తే కార్డు చేతికొస్తుంది. ఆ అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఇరవై రెండు రోజుల పిల్ల ఉంది. ఒకటో తారీఖు నుంచి దానికి నీళ్లెవరు పోస్తారు?

చెయ్యి తీసేసి కొంగుకు తుడుచుకుంది.

"నేను చెయ్య సారూ. దవాఖానకు పో."

"నలభై ఏండ్ల సంది ఈ పనిల ఉన్న. నాకే చెప్తవా?"

"చెప్త. దీన్ని రుద్దొద్దు."

"ముట్టుకోకుంటే మార్కులెట్ల వెయ్యాలె?"

"ఎయ్యకు."

దుర్గయ్య ఆమె పేరు పక్కన కాగితం చిరిగేలా ఇంటూ గుర్తు పెట్టి పన్నెండో మనిషి పీరయ్యను పిలిచాడు. కురుమమ్మ బల్లకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"పీరయ్యన్నా, నీ పిల్లల మీద ఒట్టు, ఆ కాలు ముట్టకు."

పీరయ్య ముట్టలేదు. దుర్గయ్య తిట్టుకుంటూ, కుంటుకుంటూ మెట్లు దిగిపోయాడు.

"రెండు వందల ఆరింటిల ఒక్క ఎముక గూడ అడగలేదా?" అని హాస్టల్‌లో సంగతి విన్న స్వరూప తల పట్టుకుంది.

నాలుగో రోజు సంఘం తలుపు మీద ఫలితాలు అంటించారు. స్వరూప అలవాటు ప్రకారం కింది నుంచి పైకి, మళ్లీ పై నుంచి కిందికి చదివింది. పదకొండు పేర్లున్నాయి, పీరయ్యతో సహా. కురుమమ్మ లేదు. తన ఫలితాలకు ఏనాడూ ఏడవని పిల్ల అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చింది.

"ఊకో బిడ్డా," అని దాని తల నిమురుతూ కురుమమ్మ కాగితం అడుగున ముద్ర దగ్గర ఆగిపోయింది. "గిదేంది, నా పేరు లెక్కున్నది?"

స్వరూప కళ్లు తుడుచుకుని చదివింది. అధ్యక్షుని కాలిలో రక్తం గడ్డ కట్టినందున ఆయన దవాఖానలో ఉన్నారట. ఇకమీదట పరీక్ష పెట్టేవారు దుర్గయ్య, కురుమమ్మ. మొదటి ప్రశ్న అందరికీ ఒకటే: ఎప్పుడు ముట్టుకోకూడదు?

"నాలుగేండ్ల సంది రాస్తున్న అక్కా," అంది స్వరూప. "ఫెయిలయ్యి పేపర్ పెట్టే మనిషిని ఇప్పుడే చూస్తున్న."

పైగదిలో పీరయ్య కురుమమ్మ చేతికి కార్డు ఇచ్చాడు. దాని మీద దుర్గయ్య సంతకం వంకరటింకరగా ఉంది, మంచం మీద పడుకుని పెట్టింది మరి. ఒకటో తారీఖున ఆ కార్డు చూపించి కురుమమ్మ గేటు దాటింది. నాలుగో అంతస్తులో పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఎవరూ అడగని ఆ రెండు వందల ఆరు పేర్లనూ దానికే అప్పజెప్పింది. సగం కాకముందే పిల్ల నిద్రపోయింది.