చీటీల బాబాయి సొరుగు

గుడ్డకు నూనె సరిగ్గా పట్టిందో లేదో వేళ్ల మధ్య నలిపి చూసుకొని, చీటీల బాబాయి పెద్ద యంత్రం ముందు వంగాడు. ఇనుప కడ్డీని రెండు కొసలా పట్టుకొని అది తెగేదాకా లాగే యంత్రం అది. ముప్పై ఒక్క ఏళ్లుగా దాన్ని తుడిచే వరుస మారలేదు. ముందు దవడలు, తర్వాత స్తంభాలు, ఆఖరున ముల్లు తిరిగే అద్దం. ఈ ఉదయం మేడమెట్ల మీద రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఎడమ భుజంలో ఏదో పట్టేసినట్టుంది. పరీక్ష రోజున భుజం గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది కనుక!

ఆయన ఆ కాలేజీ లోహాల ల్యాబులో అటెండరు. ఏడాదిలో పదవీ విరమణ. వెన్ను కాస్త వంగింది, కళ్లకు శుక్లాలు కమ్మాయి. ఆపరేషన్ తేదీని నాలుగుసార్లు దాటేసినందుకు ఇంట్లో ఇల్లాలు రోజూ చెవినిల్లు కట్టుకొని పోరుతూనే ఉంది. మాటతో పని జరగదని తెలిసి, నిన్న ఒక భూతద్దం కొని టిఫిన్ డబ్బా సంచిలో పెట్టింది.

ఆయన చేరిన తొలి వారంలో ఒక లెక్చరరు పాఠం మధ్యలో "ఆ బ్రిటిల్ ముక్క పట్రా" అన్నాడు. అదేదో తెలియక బాబాయి మొత్తం ట్రే మోసుకెళ్లి ముందు పెట్టాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వు ఇంటిదాకా వెంట వచ్చి, అన్నం ముందు కూడా కూర్చుంది. పదో తరగతి గట్టెక్కని మనిషి ఆ రోజు నుంచి పట్టు పట్టాడు. ప్రయోగంలో విరిగిన ప్రతి రకం నుంచీ ఒక ముక్క దాచాడు. దాని పేరేమిటని లెక్చరర్లను సమయం చూసి, మొహమాటపడుతూ అడిగాడు. అట్టముక్క మీద ఒకవైపు ఇంగ్లీషులో, రెండోవైపు అదే పేరు తన భాష అక్షరాల్లో రాసి దారంతో ముక్కకు కట్టాడు. ఒక ముడి జారుతుందని ప్రతిదానికీ రెండు ముళ్లు.

అలా కిటికీ కింది సొరుగులో ఇరవై ఆరు ముక్కలు చేరాయి. మెలి తిరిగిన కడ్డీ టార్షన్, తుప్పు తినేసిన బోల్టు కరోజన్, గాజులా పుటుక్కున విరిగిన పోత ఇనుము బ్రిటిల్. సొంత భాషలో చదువుకొని వచ్చి ఇంగ్లీషు పుస్తకం ముందు బిక్కచచ్చిపోయే వాళ్లు సాయంత్రాలు ఆయన దగ్గరికి చేరేవారు. బాబాయి వాళ్ల చేత కళ్లు మూయించి, ముక్కను చేతిలో పెట్టి, మూడుసార్లు ఆ మాట అనిపించేవాడు. పుస్తకంలో మాట వెతికితే ఇంకో మాట దొరుకుతుందని, చేతిలో ముక్క ఉంటే మాట దానంతటదే వచ్చి కూర్చుంటుందని ఆయన నమ్మకం. అటెండరు పాఠం చెప్పడమేమిటని ఎవరైనా అంటారని ఈ సంగతి పై వాళ్ల దాకా పోనివ్వలేదు.

ఈసారి ఆయన దగ్గర చేరిన మనిషి లేత్ అక్క. ముప్పై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. ఒక చిన్న వర్క్‌షాపులో పన్నెండేళ్లుగా లోహాన్ని తిప్పి చెక్కే లేత్ మీద పని చేస్తూ సాయంత్రం క్లాసులకు వస్తోంది. లోహం కోసుకుపోయే చప్పుడు విని అది ఏ లోహమో చెప్పగలదు. రాత పరీక్షలన్నీ పాసైంది గానీ, నోటి పరీక్షలో రెండుసార్లు నాలుక మడతపడి కూర్చుంది. మూడోసారి కూడా పోతే మరి అవకాశం లేదు, మూడేళ్ల చదువూ, డిప్లొమా తెస్తే ఇస్తామన్న ఫోర్‌మన్ పనీ బూడిదలో పోసిన పన్నీరే.

"చేతికి తెలుసు బాబాయ్, నోటికే తెలీదు" అంది మొదటి రోజు.

"చేతికి తెలిస్తే సగం అయిపోయినట్టేనమ్మా. నోరెంతసేపు?" అన్నాడాయన.

నలభై రోజులు నేర్పాడు. ఆఖరి రెండు మాటలు మొన్న గురువారం చెప్పాడు. రాగి తీగ, సీసపు రేకు. తీగలా సాగే గుణాన్ని తాంతవత అంటారనీ, కొడితే రేకులా పరుచుకునే గుణాన్ని స్తరణీయత అంటారనీ ఆమెకు బడిలోనే కంఠతా వచ్చు. కావలసింది ఆ రెంటి ఇంగ్లీషు పేర్లే.

యంత్రం తుడిచాక, పరీక్షకు ఇంకా పావుగంట ఉండగా బాబాయి సొరుగు లాగి, కొత్త భూతద్దం సరదా కొద్దీ చీటీల మీద పెట్టి చూశాడు. అక్షరాలు బఠాణీ గింజలంత కనిపించాయి. రాగి తీగ చీటీ మీద మాలియబుల్ అని ఉంది. సీసపు రేకు చీటీ మీద డక్టైల్ అని ఉంది.

తీగకు ఉండాల్సింది డక్టైల్, రేకుకు మాలియబుల్. పోయిన వారం కప్పు కారి సొరుగు తడిస్తే, కుళ్లిన దారాలు తీసేసి కొత్తవి కట్టాడు. మసక కళ్లతో ఆ రెండూ తారుమారు చేశాడు. గురువారం కళ్లకు కనబడక చీటీలు ఆమె చేతే చదివించి, ఆమె చదివినదానికల్లా పరధ్యానంగా తలూపాడు.

పరుగులాంటి నడకతో వరండాలోకి వచ్చాడు. లేత్ అక్క ఇంకా రాలేదు. రాత్రి షిఫ్టు నుంచి నేరుగా వచ్చేసరికి ఆలస్యమై, ఆమె లోపల అడుగు పెట్టగానే మొదటి పేరు ఆమెదే పిలిచారు. పరీక్ష జరిగేటప్పుడు అటెండరు నోరు విప్పకూడదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా విప్పలేదు.

బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి సన్నగా, నెరిసిన జుట్టుతో ఉన్న మేడమ్. మాట మెత్తన, చూపు పదును. కాలేజీ ట్రేలోంచి నాలుగు నమూనాలు బల్ల మీద పెట్టించి, డక్టైల్ లోహం ఏదో తీసి చూపించమంది. లేత్ అక్క చెయ్యి రాగి తీగ వైపు వెళ్లింది. మధ్యలో ఆగింది. బాబాయి నేర్పిన చీటీ గుర్తొచ్చింది కాబోలు, వెనక్కి వచ్చి సీసపు రేకును తీసింది.

మేడమ్ పెన్సిలు కాగితం మీదికి దిగింది.

"తప్పు ఆవిడది కాదండి" అన్నాడు బాబాయి గోడ దగ్గర నుంచి. గొంతు తనదో కాదో ఆయనకే తెలియలేదు. "నాదండి. చీటీలు నేనే మార్చి కట్టాను."

ల్యాబ్ ఇన్‌చార్జి ముఖం మాడిపోయింది. ఏ చీటీలని మేడమ్ అడిగింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు. సొరుగును ఊడదీసి, రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. మేడమ్ ఒక్కో ముక్కా తీసి, తిప్పి, చీటీ రెండు వైపులా చదివింది. తర్వాత కత్తెర తెప్పించి దారాలన్నీ తెంపేసింది. చీటీలను పక్కన కుప్ప పెట్టి, ముక్కలను బల్ల మీద కలగలిపి, ఇప్పుడు చెప్పమంది లేత్ అక్కతో. ఆ రెండూ తప్ప మిగతావన్నీ.

లేత్ అక్క కళ్లు మూసుకుంది. ఒక్కో ముక్కా వేళ్లతో తడిమి పేరు చెప్పింది, అది ఎందుకలా అయిందో రెండేసి ఇంగ్లీషు మాటల్లో చెప్పింది. ఇరవై నాలుగు పేర్లు, ఒక్కటి తడబడలేదు. ఆఖరున ఎవరూ అడక్కుండానే సీసపు రేకు మీద గోరు నొక్కి చూసింది. లాగితే ఇది తెగుతుంది గానీ తీగలా సాగదు, కాబట్టి ఇదే మాలియబుల్ అంది, రాగి తీగ ఎత్తి డక్టైల్ అంది. వింటూ బాబాయి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఆయనకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మేడమ్ మార్కులు వేసి కాగితం మడిచింది. వెళ్లేటప్పుడు ఆయన ముందు ఆగింది.

"ఈ సొరుగు ఎవరు పారెయ్యమన్నా పారెయ్యకండి."

ఇన్‌చార్జి చీటీల కుప్పను తనే ఎత్తి సొరుగులో వేసి పోయాడు. మధ్యాహ్నం బాబాయి డబ్బా సగమే తిన్నాడు. భుజం నొప్పి మోచేతి దాకా పాకింది. కిటికీ దగ్గర స్టూలు వేసుకొని, భూతద్దం పెట్టి, ఒక్కో చీటీని దాని ముక్కకు మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. ఒకటికి రెండుసార్లు చదివి మరీ కట్టాడు. రేపటి నుంచి వచ్చే వాళ్లకు మరో పొరపాటు నేర్పకూడదు.

నాలుగు గంటలకు ఫలితాలు గోడకెక్కాయి. లేత్ అక్క మెట్లు రెండేసి ఎక్కుతూ ల్యాబులోకి వచ్చింది. బాబాయి బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకొని, లేపబుద్ధి కాక కాసేపు అలాగే నిలబడింది. చివరికి "పాసయ్యాను బాబాయ్" అని మెల్లగా అంది. మళ్లీ అంది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుంది. పన్నెండేళ్లుగా లోహాలు ముట్టుకున్న ఆ చేతికి, ఆ చల్లదనం ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

ఆయన ముందు ఇరవై ఐదు ముక్కలు వరుసగా ఉన్నాయి, ఒక్కోదానికి రెండేసి ముళ్లతో. వరుస చివర, ముప్పై ఏళ్లుగా పిల్లలు నొక్కిన గోటి గుర్తులన్నీ మోస్తున్న సీసపు రేకుకు మాలియబుల్ చీటీ ఒక్క ముడితో వేలాడుతోంది, రెండో ముడి కోసం వదిలిన దారం బల్ల మీద పడి ఉంది.