తాతలగుడ్డ ఉతికిన అల్లుడు

మా కొండల్లో అల్లుడంటే మర్యాదలకి కాదు, చాకిరీకి. మామ చనిపోతే గొయ్యి తవ్వేది అల్లుడు, శవాన్ని మోసేది అల్లుడు, ఆ తర్వాత పోయినాయన బట్టలన్నీ ఏటికి తీసుకెళ్లి ఉతికేదీ అల్లుడే. ఒక్కటి కూడా మిగలకూడదు. ఒక్క టోపీ ఉతక్కుండా వదిలేసినా ఆ మనిషి దానికోసం వెనక్కి వస్తాడు. వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటాడు, ఇక కదలడు.

ఫాకుందో పొరుగు లోయ నుంచి వచ్చి దమాసో కూతురు పౌలినాని చేసుకున్నాడు. పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చినా ఊరికి అతనింకా కొత్తవాడే. అందుకే దమాసో పోయినప్పుడు, ఉతుకుడు విషయంలో తనని ఎవరూ వేలెత్తి చూపకూడదనుకున్నాడు. నురుగొచ్చే చెట్టువేళ్లు దంచి గంపెడు పట్టుకెళ్లాడు. తలదూర్చి కప్పుకునే పోంచోలు, లాగులు, చొక్కాలు, దేన్నీ వదల్లేదు. మంచునీళ్లకి వేళ్లు కొంకర్లు పోయినా ఆపలేదు.

అన్నిటికన్నా పాత పోంచో విప్పితే లోపల్నుంచి ఒక పీలిక జారిపడింది. రెండు అరచేతులంత ఉంటుంది. నల్లగా, జిడ్డుగా, అట్టకట్టి ఉంది. మూటలు మోసే లామాల పుళ్లకి కొవ్వు రాసే గుడ్డ కాబోలనుకున్నాడు. అయినా అదీ మామదే కదా. ఉతికాడు.

రుద్దేకొద్దీ నీళ్లు నల్లగా పోయాయి, గుడ్డ ఎర్రగా తేలింది. పసుపు కళ్ల పిట్టలు వరసలు వరసలుగా బయటపడ్డాయి. ఎవరు నేశారో గాని, అంత సన్నటి నేత ఇప్పుడు ఊళ్లో ఎవరికీ రాదు. ఇంత మంచి గుడ్డని కొవ్వు రాయడానికి వాడాడా మామ అని కాస్త బాధపడి, రాతిమీద ఆరేసి, ఇంటికి తెచ్చాడు.

సాయంత్రం ఊరిపెద్ద సాబినో వెండిపొన్ను కర్ర పట్టుకుని వచ్చాడు, వెనక మిగతా పెద్దలు. దమాసో ఇన్నాళ్లూ కాపాడిన తాతలగుడ్డని ఇంకొకరికి అప్పగించాలి. ఊరు పుట్టకముందు నేసిన గుడ్డలో మిగిలిన ముక్క అది. ఏటా విత్తనాల ముందు బయటికి తీసి మొక్కజొన్న కల్లు చిలకరిస్తారు, పొగ వేస్తారు, ముద్దు పెట్టుకుంటారు. ఆ వేళ అల్లుళ్లు వాకిట్లోనే నిలబడాలి. అందువల్ల ఫాకుందో దాన్ని ఎన్నడూ చూళ్లేదు.

"పాత పోంచోలో ఉంటది, తియ్యి," అన్నాడు సాబినో.

ఫాకుందోకి ఏటి దగ్గర జారిపడిన పీలిక గుర్తొచ్చింది. ఎర్రగుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇదేంటి?"

"తాతలగుడ్డే పెద్దయ్యా. ఉతికాను."

"తాతలగుడ్డ నలుపురా. పుట్టిన కాణ్ణించి చూస్తన్నా, నాకు తెల్దా?"

"మురికి పోయింది పెద్దయ్యా."

"మురికా! మా తాతలు నీకు మురికిగా కనపడ్డారా? అయినా తాతలు ఇంత ఎర్రటివి కడతారా, వాళ్లేమన్నా పెళ్లికొడుకులా?"

మొన్న సంతలో పాత గుడ్డలు కొనే పట్నపాయనతో ఇతను మాట్లాడుతుంటే చూశానని వెనకనుంచి ఎవరో అన్నారు. మాట్లాడింది నిజమే. ఆయన దారి అడిగాడు, ఇతను చెప్పాడు. ఇప్పుడా మాట ఎవరు నమ్ముతారు?

"అసలుది అమ్మేసి దీన్ని తెచ్చావు," అన్నాడు సాబినో. "తెల్లారేసరికి నీ లోయకి నువ్వు పో. పెళ్లాం పిల్లలు మా ఊరివాళ్లు, ఇక్కడే ఉంటారు."

పౌలినా పిల్లల్ని దగ్గరకి లాక్కుంది.

పొయ్యి దగ్గర దుంపలు ఒలుస్తున్న అత్త నికోలాసా లేచి, సాబినో చేతిలోంచి గుడ్డ లాక్కుంది. తిరగేసి ఓ మూల చూసింది.

"ఇదే," అంది.

"నీకెట్టా తెలుసు వదినా?"

"ఈ కుట్టు నాది. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఎలక కొరికింది. కుట్టా."

"ఆడాళ్లు దాన్ని ముట్టకూడదు గదా!"

"ఎలక్కి ఎవరూ చెప్పలా."

పెద్దలు తమ కర్రల వంక చూసుకున్నారు. సాబినో దగ్గాడు.

బతికిపోయాననుకున్నాడు ఫాకుందో. అంతలో నికోలాసా గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది. మొగుడి శవం లేచినప్పుడు కూడా కన్నీరు పెట్టని మనిషి బావురుమంది.

"ఆయన చెయ్యి ఉండేది దీనిమీద. వాళ్లయ్య చెయ్యి, ఆయన అయ్య చెయ్యి. బట్ట ఉతికితే ఆ మనిషి వెళ్లిపోతాడని నీకు తెల్దా అల్లుడా? ఒక్కణ్ణి సాగనంపమంటే అందర్నీ పంపేశావు గదరా!"

దొంగ అన్నప్పుడు కలగని సిగ్గు ఫాకుందోకి ఇప్పుడు కలిగింది. ఏడ్చాడు కూడా.

"నేను వెళ్లిపోతానత్తా."

"ఎక్కడికి పోతావు? ఇప్పుడు దీనిమీద ఎవ్వరూ లేరు. మళ్లీ ఎవరో ఒకరితో మొదలెట్టాలిగా." ముక్కు చీదింది. "ఏదీ, చెయ్యి చూపించు."

చూపించాడు. పొద్దుటినుంచి నీళ్లలో నాని, తెల్లగా ముడతలు పడి ఉంది.

"ఇది పనికిరాదు."

ఆ చేతిని పట్టుకుని లామా కొవ్వు పూసింది, పొయ్యి బూడిదలో ముంచింది, తెచ్చి పిట్టల మీద అదిమింది. సాబినో కర్ర అడ్డం చాపాడు గాని, ఆమె మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు.

కాసేపు ఆగి ఫాకుందో చెయ్యి తీయబోయాడు.

"ఉంచు," అంది నికోలాసా. "ఇంకా అంటలేదు."