ఎవరి ఫోన్‌లో మోగాలి

"ఇగ నీకేం పనున్నదే అండాలూ? అన్ని మిషిన్లే చూసుకుంటయట గదా!"

అత్త లక్ష్మీనర్సమ్మ చింతపండులో గింజలు తీస్తూ అన్నది ఆ మాట. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. అండాలు చేతిలో ఉల్లిగడ్డ ఉంది కాని కళ్లు మాత్రం కిటికీలో నిలబెట్టిన ఫోన్ మీద ఉన్నాయి. ఫోన్‌లో నూట పద్నాలుగు అని కనిపిస్తోంది. దాని పక్కనే కిందికి తిరిగిన బాణం గుర్తు. తొమ్మిదో తరగతి గదిలో కూర్చున్న కూతురు మనస్విని ఒంట్లో ఆ నిమిషాన చక్కెర ఎంత ఉందో చెప్పే అంకె అది. డెబ్భై కిందికి దిగితే ప్రమాదం, బాణం కిందికుంటే దిగుతోందని అర్థం.

మనస్వినికి ఎనిమిదో ఏట వచ్చింది జబ్బు. పెద్దవాళ్లకు వయసు మీద వచ్చే షుగర్ కాదు. ఒంట్లో ఇన్సులిన్ పుట్టడమే ఆగిపోయే రకం, టైప్ వన్ అన్నారు డాక్టర్లు. బయటి నుంచి ఎక్కించే ఇన్సులిన్ కాస్త ఎక్కువైతే చక్కెర పడిపోయి పిల్ల తెలివి తప్పుతుంది, తక్కువైతే చక్కెర పెరిగి మరో దారిలో ప్రాణం మీదికి వస్తుంది. ఆ రెండు గుంతల నడుమ సన్నటి గట్టు మీద ఆరేళ్లుగా పిల్లను చెయ్యి పట్టుకుని నడిపించింది అండాలే. ఏడో తరగతి దాటని మనిషి జొన్నరొట్టెకు ఎంత మందు, పిడికెడు అన్నానికి ఎంత మందు అని లెక్కలు నేర్చుకున్నది. రోజుకు ఆరుసార్లు పిల్ల వేలు పొడిచి నెత్తురుచుక్క తీసింది. వచ్చిన ప్రతి అంకెనూ నోటుబుక్కులో రాసింది. అవి పదకొండు నోటుబుక్కులయ్యాయి. అటక ఎక్కిన ప్రతిసారీ భర్త లింగస్వామి "గీ చిత్తుకాయిదాలు ఇంకెన్నొద్దులే?" అనేవాడు.

జబ్బు రాకముందు అండాలు నకిరేకల్ చుట్టుపక్కల బత్తాయి తోటలకు కూలికి పోయేది. తర్వాత ఆ పని పోయింది. పదకొండు గంటలకల్లా బడికి పోయి పిల్ల వేలు పొడిచి చూడాలి, ఒంటిగంటకు సూది వెయ్యాలి. నడుమ ఇంటికి వచ్చిపోవడమెందుకని బడి మెట్టు మీదే కూర్చునేది. ఒకరోజు పెద్దసారు అటు వచ్చి "ఊకెనే కూసున్నవు గదమ్మా, జర గీ ఉల్లిగడ్డలన్నా కోసిపెట్టు" అన్నాడు. ఒక్కరోజే కదా అని కోసింది. నాలుగేళ్లు కోసింది. ఒకరోజు జ్వరమొచ్చి ఆలస్యమైతే మధ్యాహ్న భోజనం వండే వంటమనిషి "ఇంత లేటైతే ఎట్లమ్మా?" అని కసిరింది కూడా. అప్పుడైనా అండాలుకు కోపం రాలేదు. ఆమె ఒంట్లో కోపానికి జాగా లేదు, అంతా భయమే ఆక్రమించుకున్నది. హైవే మీద అంబులెన్స్ కూత వినిపిస్తే బడి వైపు నుంచేనేమో అనుకునేది. పిల్ల బాత్‌రూమ్‌లో కాస్త ఆలస్యం చేస్తే తలుపు బాదేది. అన్నిటికంటే లోపల ఇంకొకటుండేది. "మా ఇంట ఎవలికి లేదు. కడుపుతోటున్నప్పుడు గన్ని బెల్లం ముద్దలు దినకే అంటే విన్నదా?" అని అత్త ఎప్పుడో అన్నది. బెల్లానికీ దీనికీ సంబంధమే లేదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా, నిద్ర పట్టనప్పుడు అండాలు ఆ బెల్లం ముద్దలనే తలుచుకునేది.

ఇన్సులిన్ తానే ఎక్కించే పంపును హైదరాబాద్‌లో ఒక ధర్మసంస్థ ఇప్పించింది. చక్కెర కొలిచే సెన్సర్లు మాత్రం సొంతంగా కొనుక్కోవాలి. గొర్ల బేరం చేసే లింగస్వామి రెండు మంచి పొట్టేళ్లను అమ్మి మొదటి విడత తెచ్చాడు. ఆ సంగతి నకిరేకల్‌లోని ప్రతి చాయ్ హోటల్‌కూ తెలుసు. అబద్ధం కాదు, అమ్మిన మాట నిజమే. అయితే పొట్టేళ్లను అమ్మితే పదిమందికి చెప్పుకోవచ్చు. పిల్ల వేలు పొడిచిన సంగతి ఎవరికి చెప్పుకుంటారు?

అక్కడి దవాఖానలో వాటిని అమర్చింది జబీన్ మేడం. షుగర్ పిల్లల ఇళ్లవాళ్లకు నేర్పడమే ఆమె ఉద్యోగం. రూపాయి బిళ్లంత సెన్సర్‌ను మనస్విని జబ్బకు అతికించింది. సబ్బుబిళ్లంత పంపును నడుముకు తగిలించి, దాని సన్న గొట్టాన్ని పొట్టకు అమర్చింది. సెన్సర్ మీదున్న నంబరును పంపులో కొట్టి రెంటినీ జత చేసింది.

"ఇగ ఇవి రెండు మాట్లాడుకుంటయమ్మా. చక్కెర పడిపోయేటట్టు కనిపిస్తే పంపు ముందుగాలనే ఇన్సులిన్ బంద్ చేస్తది. లేస్తే కొంచెం పెంచుతది. జత కుదరనీకి రెండు గంటలు పడ్తది. అప్పటిదాకా ఏం ముట్టకుండ్రి."

ఆ మాటకు అండాలుకు తండ్రి కురుమయ్య గుర్తొచ్చాడు. తల్లి చచ్చిన గొర్రెపిల్లను, పిల్ల చచ్చిన గొర్రెకు అలవాటు చేసేవాడు. ఆ గొర్రె పాలనే పిల్ల ఒంటికి పూసి రెంటినీ ఒక మూల కట్టేసేవాడు. చిన్నపిల్ల అండాలు ఆగలేక పోయి గొర్రెపిల్ల మూతిని పొదుగు దగ్గరికి తోయబోతే "నీ చెయ్యి తియ్యి బిడ్డా, నీ వాసన తగిలితే అది దగ్గరికి రానియ్యది" అని కసిరేవాడు.

అప్పుడు చెయ్యి తీసింది కాని ఇప్పుడు తియ్యలేకపోయింది. మొదటి నెలంతా ఫోన్‌లో బాణం కిందికి తిరిగిందంటే చాలు, ఆమె కాళ్లు గ్లూకోజ్ డబ్బా దగ్గరికి పోయేవి. మనస్విని బడి నుంచి వచ్చి ఖోఖో ఆడడానికి పోయేముందు గ్లాసు పట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడేది.

"వద్దే అమ్మా! నూరుకు పైననే ఉన్న. పంపే బంద్ చేసుకుంటది."

"మిషినాయె. మరిచిపోతేనో? నా సంతోషానికి తాగు బిడ్డా."

పిల్ల ఆ సంతోషానికే తాగేది.

మహబూబ్‌నగర్‌లో ఖోఖో సెలక్షన్లు, మూడొద్దులు అక్కడే ఉండాలని మనస్విని ఒక పొద్దు ఇంట్లో చెప్పింది. లింగస్వామి చెప్పులేసుకుంటూనే "పో బిడ్డా, నాకేం? మీ అమ్మనడుగు" అన్నాడు. ఎప్పుడూ అంతే. విహారయాత్రప్పుడూ అంతే, మేనమామ ఇంటికి పోతానన్నప్పుడూ అంతే. బాపు తలుపు తెరిచి పోతాడు, అమ్మ వచ్చి మూయాలి. "వద్దు" అనే మాట ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. ఈసారీ అండాలే వద్దన్నది. పిల్ల ఏడవలేదు, అరవలేదు. "నేను సచ్చిపోత అని నువ్వు రోజూ అనుకుంటనే ఉంటవే అమ్మా. నాకు ఎరికైతది" అని బ్యాగు తీసుకుని బడికి పోయింది.

ఆ వారమే ముగ్గురూ దవాఖానకు పోయారు. జబీన్ మేడం నెలరోజుల చక్కెర గీతను కంప్యూటర్‌లో తెరిచింది. పగలంతా చిన్నచిన్న అలలుగా పోయే గీత, రోజూ సాయంత్రం నాలుగున్నర దాటగానే నిలువునా లేచి గుట్టలా నిలబడుతోంది.

"యాదగిరిగుట్ట లెక్క ఉన్నది గదా!" అన్నాడు లింగస్వామి.

"గీ టైముల ఏం తింటున్నవ్ మనస్విని?"

పిల్ల నేలచూపులు చూసింది. తల్లి పేరు చెప్పలేదు. ఆ మౌనం అండాలుకు తగిలినంతగా ఏ మాటా తగల్లేదు.

"నేనే మేడం. గ్లూకోజ్ తాగిస్తున్న. పడిపోతదేమోనని."

లింగస్వామి పకపకా నవ్వాడు. "చూసిన్రా మేడం! పిల్లది గాదు, ఈమె భయమే అసలు బీమారి. దీనికేమన్న మిషిన్ ఉంటె పెట్టుండ్రి."

జబీన్ మేడం నవ్వలేదు. అండాలు చేతిలోని ఫోన్‌ను అడిగి తీసుకుని చూసింది. "పిల్ల నంబర్ ఐదుగురి ఫోన్లల్ల కనిపించేటట్టు పెట్టుకోవచ్చన్న. చూస్తున్నది ఒక్కరే. సార్, మీ ఫోన్ల పెట్టాల్నా?"

"నాకు గొర్లతోటే సరిపోతది మేడం. అంగట్ల బేరం నడుమ గా మోతెందుకు? ఆమె చూస్తది తియ్యి."

నకిరేకల్ బస్సులో అండాలు కిటికీ పక్కన కూర్చున్నది. సిగ్గు ఇంకా చెవుల్లో వేడిగా ఉంది. తప్పు తనదే, గీతలో ఆ గుట్టలు తన చెయ్యి పెట్టినవే. అది ఒప్పుకున్నది. కాని ఆమెకు ఒక సంగతి అర్థం కాలేదు. తాను భయపడుతుంటే ఆయనకు నవ్వెలా వచ్చింది? ఇద్దరికీ పుట్టిన పిల్లే కదా. ఆలోచించగా ఆలోచించగా చౌటుప్పల్ దాటాక తెలిసింది. ఆయనకు ధైర్యం ఎక్కువై కాదు. ఆయన వాటా భయం కూడా ఆరేళ్లుగా తానే పడుతున్నది. ఇంటెడు భయాన్ని ఒక్కమనిషి మోస్తే చూసేవాళ్లకు అది పిచ్చిలాగే కనిపిస్తుంది. రెండు పాళ్లు చేసి ఉంటే దాన్ని జాగ్రత్త అనేవాళ్లేమో. ఆయన హాయిగా నవ్వగలిగింది కూడా తన పుణ్యమే. పిల్లకు "పో బిడ్డా" అని చెప్పగలిగింది కూడా.

"మనస్వినిని మహబూబ్‌నగర్ పోనిద్దాం" అన్నది.

ముందు సీట్లో ఉన్న పిల్ల గిర్రున వెనక్కి తిరిగింది. లింగస్వామి మురిసిపోయాడు. "నేను ముందే అన్ననా లేదా?"

"అన్నవు. అందుకే ఆ మూడొద్దులు మోత నీ ఫోన్ల మోగాలె."

"నాకేం ఎరిక? మోగితే ఏం జెయ్యాల్నో నాకెవలు చెప్తరు?"

"నాకెవలు చెప్పిన్రు?"

ఆయన ఇంకేదో అనబోయేలోపే మనస్విని చెయ్యి చాపి "బాపూ, నీ ఫోనియ్యి" అన్నది. బస్సు నార్కట్‌పల్లిలో ఆగేసరికి ఆ పని అయిపోయింది కూడా. అండాలు తన ఫోన్‌లో మోతను తగ్గించింది. చక్కెర మరీ పడిపోతే మోగేది ఒక్కటి ఉంచింది. మిగతావన్నీ ఆపేసింది.

పిల్ల పోయిన రెండో రోజు. పదకొండవుతుంటే అండాలు కాళ్లు వాటంతటవే చెప్పుల దగ్గరికి పోయాయి. బడిలో పిల్ల లేదని గుర్తు తెచ్చుకుని వచ్చి కూర్చున్నది. ఫోన్ మోగింది. లింగస్వామి.

"అండాలూ! ఇది మొత్తుకుంటాందే! తొంబై అంటాంది, బాణం కిందికున్నది. పిల్లకు చేస్తే ఎత్తుతలేదు. ఎంటవోయిన ఆటల సారు కూడ ఎత్తుతలేడు. పడిపోయిందో ఏమో!"

తన చెయ్యి అప్పటికే గ్లూకోజ్ డబ్బా మీద ఉండడం అండాలు చూసుకున్నది. పిల్ల మహబూబ్‌నగర్‌లో, డబ్బా నకిరేకల్‌లో. చెయ్యి తీసింది.

"నువ్వెక్కడున్నవ్?"

"అంగడి బయట. గొర్లను పక్కనున్న గుర్వయ్యకు అప్పజెప్పిన. బేరం నడుమనే ఇడిసిపెట్టి ఉరికొచ్చిన."

ఆ గొంతును ఎక్కడో విన్నట్టనిపించింది. అది ఆరేళ్ల తన గొంతే.

"పంపు బంద్ చేసుకుంటది. పిల్ల జేబుల గ్లూకోజ్ ఉన్నది. సారుకు మల్ల చెయ్యి, ఎత్తేదాక చెయ్యి. ఎత్తినంక నాకు చెప్పు."

ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చున్నది. ఆ పది నిమిషాల్లో ఆమె మనసు చూడని చావు లేదు. మైదానంలో, బస్సు కింద, తలుపు మూసిన గదిలో. ఎప్పుడూ చూసేవే. లేచి తిరగలేదు, ఫోన్ చెయ్యలేదు. అత్త చింతపండు ఆపి "ఏమైందే?" అంటే "నీ కొడుకు చూస్తున్నడు" అన్నది.

మళ్లీ మోగింది.

"ఎత్తిందే! ఆట నడుస్తున్నదట. పంపు మోత ఇని ముందే గ్లూకోజ్ తాగిందట. గిన్ని సార్లు ఎందుకు చేసినవ్ బాపూ అని నన్నే తిట్టింది." పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు. వెనక అంగడి గోల, గొర్ల అరుపులు.

"అండాలూ."

"ఊ."

"రోజూ గిట్లనే ఉంటదా నీకు?"

"ఊ."

"మరి ఇప్పుడు భయమైతలేదా?"

అండాలు ఫోన్‌లో అంకె చూసింది. తొంభై ఆరు. బాణం అడ్డంగా తిరిగింది, పడడం ఆగింది.

"ఎందుకైతలేదు? అయితాంది. ఇప్పుడు ఇద్దరికైతాంది."