రానిదాన్ని కనిపెట్టే మనిషి

"రోజూ చేసేదాన్ని పనంటారా అమ్మాయ్" అని పెళ్ళయిన కొత్తలో అత్తగారు అన్న మాట, ఆదివారం పొద్దున బాల్కనీలో తడిబట్టలు దులిపి ఆరేస్తుంటే ఆమెకు గుర్తొచ్చింది. పాపం, ఆవిడ కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. గోడ కడితే పని, గుడ్డ నేస్తే పని, రేపు మళ్ళీ మాసిపోయే బట్టలు ఉతకడం పనెలా అవుతుందని ఆవిడ అనుమానం. ఆఫీసులోనూ ఆమెది అలాంటి పనే. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పత్రికల విభాగం, ఇంగ్లీషులో సీరియల్స్ సెక్షన్ అంటారు. నెలకొకటీ మూణ్ణెల్లకొకటీ వచ్చే పరిశోధన పత్రికలను అందుకుని, సంచిక నంబరు కార్డులో వేసి, ఏడాది నిండాక బైండింగుకు పంపుతూ ఇరవై రెండేళ్ళు గడిపింది. "మా వదిన జీతం తీసుకుని సీరియళ్ళు చూస్తుంది" అని ఆడపడుచు నలుగురిలో వేళాకోళం చేసేది. "చేసేదేముంది, వచ్చింది రాసుకోవడమేగా" అని భర్త వంతపాడేవాడు.

వచ్చింది ఎవరైనా రాసుకుంటారు. రానిదాన్ని కనిపెట్టడమే ఆమె విద్య. మూడో సంచిక రాకుండా నాలుగోది వస్తే, ఆ ఖాళీ బల్ల మీద కంటికి కనపడదు. దానికోసం ఎదురుచూస్తున్న మనిషికే తెలుస్తుంది. గడువు దాటకముందే ప్రచురణకర్తకు ఉత్తరం రాయాలి, బతిమాలకూడదు, తగ్గకూడదు, వచ్చేదాకా వదలకూడదు. ఒక పత్రిక రెండుసార్లు పేరు మార్చుకుని, ఇంకోదాంట్లో కలిసి, ఆరేళ్ళకు మళ్ళీ విడిపోతే, అదంతా ఒకటేనని కనిపెట్టి వరుస కలిపింది ఆమే. ఎనిమిది వందల పత్రికల్లో ఆమె హయాంలో ఒక్క సంచిక లోటు లేదు. ఆ అరల పక్క నుంచి వెళ్ళేటప్పుడు ఆమె నడుము నిటారుగా ఉంటుంది. గర్వమంటే గర్వమే, ఎవరేమనుకుంటే ఆమెకేం?

ఆ ఆదివారం ఆమె నెత్తిన ఇంకో పని కూడా ఉంది. భర్త సాహిత్య శాఖలో ప్రొఫెసర్. వచ్చే నెల అన్ని శాఖలూ కలిసి 'వరుస' అన్న భావన మీద సదస్సు పెట్టుకున్నాయి. గణితంవాళ్ళు అంకెల శ్రేణుల గురించి మాట్లాడతారు. సమాజశాస్త్రంవాళ్ళు బస్టాపులో ఒకరికొకరు తెలియకుండానే ఒక వరుసగా మారిపోయే జనం గురించి మాట్లాడతారు. అతనేమో వారం వారం వచ్చే నవలల గురించి. గ్రంథాలయాన్ని మాత్రం కుర్చీలు అడిగారు. "రిఫరెన్సులు ఒకసారి చూసిపెట్టు" అని అతను తన వ్యాసం ఆమె చేతిలో పెట్టి పేపరు చదువుకోవడానికి వెళ్ళాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతని రిఫరెన్సులు సరిచూసేది ఆమే.

ముప్పై ఒక్క రిఫరెన్సుల్లో నాలుగు తప్పులు దొరికితే దిద్దింది. ఎనిమిదో పేజీలో చెయ్యి ఆగిపోయింది. 'వరుస వస్తువుల్లో ఉండదు. రానిదాని కోసం కనిపెట్టుకుని ఉన్న మనిషిలో ఉంటుంది. ఇది ఈ వ్యాసకర్త ప్రతిపాదన.' ఆ మాట తనది. కిందటి ఎండాకాలం ఇదే బాల్కనీలో, జత తప్పిన మేజోడు పట్టుకుని వెతుకుతుంటే, ఒక్క మేజోడుకి ఇంత హడావిడా అని అతను విసుక్కున్నప్పుడు అన్న మాట. అప్పుడు అతను తల కూడా ఎత్తలేదు. విన్నాడన్నమాట. ముందు ఆమెకు సంతోషమే వేసింది, ఆ మాట మీదే వ్యాసమంతా నిలబడి ఉంది మరి. ఆ తర్వాత ఒళ్ళు మండింది. పెన్ను తీసి ఆ వాక్యానికి ముప్పై రెండో నంబరు వేసి, చివరి పేజీలో తన పూర్తిపేరు, పత్రికల విభాగం, మౌఖిక సంభాషణ, నెల, ఏడాది అన్నీ గుండ్రంగా రాసింది.

"ఇదేమిటి? ఇంట్లో అనుకున్నవాటికి కూడా రిఫరెన్సులిస్తారా ఎవరైనా?" అన్నాడు అతను.

"ఇస్తారు. ఎలా ఇవ్వాలో పద్ధతి కూడా ఉంది. కావాలంటే చూపిస్తాను."

"పెళ్ళాం పేరు ఇరికించాడని నవ్వుతారు."

"పెళ్ళామని రాయలేదుగా."

"సరే, చివర్లో నా శ్రీమతికి కృతజ్ఞతలు అని వేస్తాలే."

"అది టీ పెట్టినందుకు వేస్తారండీ. ఈ మాట నాది."

అతను కాగితాలు లాక్కున్నాడు. "అయితే ఆ వాక్యమే తీసేస్తాను."

ఇలాంటి చోట పోనీలెండి అనడం ఆమెకు అలవాటు. ఆ మాట ఎన్నిసార్లు అందో లెక్కే లేదు. ఈసారి అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"తీసేయండి" అంది.

మర్నాడు గణితశాఖకు వెళ్ళింది. సదస్సు నడిపించే పెద్ద ప్రొఫెసరమ్మ అక్కడే ఉంటుంది. తానూ మాట్లాడతానని చెప్పింది. "వక్తల జాబితా శుక్రవారం ప్రెస్సుకి వెళ్తోంది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అందావిడ. "మీకు కుర్చీలు సర్దుతున్నానండీ" అని ఈమె జవాబు. ఆవిడ కళ్ళజోడు తీసి ఆమెను చూసి, జాబితా చివర పేరు రాసుకుంది.

సదస్సులో భర్త వ్యాసం ముందు వచ్చింది. ఆ వాక్యం తీసేసిన ఎనిమిదో పేజీ దగ్గర అది కుంటుపడింది, అతనికీ తెలిసింది. మధ్యాహ్నం ఆమె లేచింది. రాని సంచికల గురించి, పేర్లు మారిన పత్రికల గురించి, వాటిని విడవకుండా పట్టుకున్నవాళ్ళ గురించి ఇరవై నిమిషాలు చెప్పింది. మేజోడు దగ్గర హాలంతా నవ్వింది, ఆ తర్వాతి వాక్యాన్ని చాలామంది కాగితాల మీద రాసుకున్నారు. తన మాట తన గొంతులో అంత బాగుంటుందని ఆమెకే తెలియదు.

చప్పట్లు ఆగాక మూడో వరుసలోంచి భర్త లేచాడు. చెడ్డ ఉద్దేశమేమీ లేదు, అలవాటు. జనం వైపు తిరిగి, "మా ఆవిడ చెప్పదలుచుకున్నదేమిటంటే" అని మొదలుపెట్టాడు.

ఆమె మైకు దగ్గరికి లాక్కుంది.

"నేను చెప్పదలుచుకున్నది చెప్పేశానండీ. మీ ప్రశ్న ఏమిటో అడగండి."